లోరెంజ్ హార్ట్

లోరెంజ్ మిల్టన్ హార్ట్ (1895 మే 2 - 1943 నవంబరు 22) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ గీత రచయిత. మిత్రులు ఇతనిని లారీ అని పిలిచేవారు. స్వరకర్త రిచర్డ్ రోజర్స్‌తో కలిసి 1919 నుండి 1943 వరకు దాదాపు 28 రంగస్థల సంగీత రూపకాలకు, కొన్ని హాలీవుడ్ చిత్రాలకు 500కు పైగా పాటలు రాశాడు. ఆ పాటలలో ఒకటైన "మై ఫన్నీ వాలెంటైన్" 1937లో బేబ్స్ ఇన్ ఆర్మ్స్ అనే రూపకం కోసం పుట్టింది. ఈనాడు అది జాజ్ సంగీతంలో అత్యధికంగా రికార్డు అయిన పాటలలో ఒకటి. అయితే ఆ పాటకు ప్రపంచ ఖ్యాతి తెచ్చిన రికార్డులు వేటినీ హార్ట్ వినలేదు. అవన్నీ అతను మరణించిన తరువాత వెలువడినవే.

బాల్యం, విద్య

హార్ట్ న్యూయార్క్ నగరంలోని హార్లెమ్ ప్రాంతంలో జన్మించాడు. తల్లిదండ్రులు మాక్స్ హార్ట్, ఫ్రీడా జర్మనీ నుండి వలస వచ్చిన యూదు కుటుంబాలకు చెందినవారు. తండ్రి రకరకాల వ్యాపారాలు చేసేవాడు. చేతిలో డబ్బు ఉన్నప్పుడు ఇల్లంతా విందులతో, అతిథులతో నిండి ఉండేది, లేనప్పుడు నగలు తాకట్టుకు వెళ్ళేవి. హార్ట్ పెద్దయ్యాక స్నేహితులందరి బిల్లులూ తానే చెల్లించడం, రేపటి గురించి ఆలోచించకపోవడం ఈ వాతావరణం నుండి వచ్చిన లక్షణాలేనని చెప్పవచ్చు. తమ్ముడు టెడ్డీ హార్ట్ తరువాతి కాలంలో హాస్యనటుడుగా పేరు పొందాడు. తల్లి వైపు నుండి తాము జర్మన్ కవి హైన్రిఖ్ హైనేకు బంధువులమని ఈ కుటుంబం చెప్పుకునేది.

కొలంబియా విశ్వవిద్యాలయంలోని పత్రికా రచన విభాగంలో హార్ట్ రెండేళ్ళు చదివాడు కాని పట్టా పుచ్చుకోలేదు. జర్మన్ భాష ఇంట్లోనే అబ్బినందువల్ల షూబర్ట్ సోదరుల నాటక సంస్థకు జర్మన్ రూపకాలను ఆంగ్లంలోకి అనువదించే పని దొరికింది. ఒక భాషలోని పాటను, దాని బాణీ చెడకుండా, మరొక భాషలోకి తీసుకురావడం కష్టమైన విద్య. స్వరానికి అక్షరాన్ని అమర్చే నైపుణ్యాన్ని హార్ట్ ఇక్కడే అలవరచుకున్నాడు.

అతని ఎత్తు ఐదు అడుగులకు కొద్దిగా తక్కువ. శరీరంతో పోల్చితే తల పెద్దది. చేతిలో ఎప్పుడూ చుట్ట ఉండేది. తాను అందంగా ఉండనన్న భావన అతనిని జీవితమంతా బాధించింది. అవివాహితుడుగానే ఉండిపోయాడు. తల్లి జీవించి ఉన్నంత కాలం ఆమెతోనే కలిసి నివసించాడు. అతను స్వలింగ ప్రేమికుడనీ, ఆ కాలపు సమాజంలో దానిని దాచుకొని బతకవలసి వచ్చిందనీ తరువాతి జీవితచరిత్రకారులు రాశారు.

రోజర్స్‌తో కలయిక

1919లో ఫిలిప్ లెవిట్ అనే మిత్రుడు 16 ఏళ్ళ రిచర్డ్ రోజర్స్‌ను 119వ వీధిలోని హార్ట్ ఇంటికి తీసుకువెళ్ళాడు. అప్పటికి హార్ట్ వయస్సు 23. రోజర్స్ బాణీలు కట్టగలడు, మాటలు రాసేవారు లేరు. హార్ట్‌కు మాటలు ఉన్నాయి, బాణీ లేదు. ఆ రోజు మొదలైన జత 24 ఏళ్ళు సాగింది. అదే సంవత్సరం వారి మొదటి పాట బ్రాడ్వే రూపకమైన ఎ లోన్లీ రోమియోలో చోటు చేసుకుంది. 1920లో పూర్ లిటిల్ రిట్జ్ గర్ల్ అనే రూపకానికి కొన్ని పాటలు రాశారు. ఆ తరువాత ఐదేళ్ళు చెప్పుకోదగిన అవకాశం రాలేదు. విసిగిపోయిన రోజర్స్ పిల్లల లోదుస్తుల వ్యాపారంలో ఉద్యోగానికి చేరే ఆలోచనలో ఉండగా, 1925లో థియేటర్ గిల్డ్ సంస్థ గారిక్ గెయిటీస్ అనే ప్రదర్శనకు పాటలు అడిగింది. అందులోని "మన్‌హాటన్" అనే పాటతో ఇద్దరి పేర్లూ న్యూయార్క్ అంతటా మారుమోగాయి.

రచనా పద్ధతి

ఈ జంటలో చాలావరకు బాణీ ముందు, మాటలు తరువాత. ఇది తెలుగు సినిమా పాటల పాఠకులకు కొత్త విషయం కాదు, మన గీత రచయితలు కూడా ఎక్కువగా కట్టిన బాణీకే మాటలు కూర్చుతారు. బాణీ విన్న తరువాత హార్ట్ చేతికందిన కాగితం ముక్క మీద అతి వేగంగా రాసేవాడు. అసలు కష్టం అతనిని ఒకచోట కూర్చోబెట్టడం. రోజర్స్ క్రమశిక్షణ కలిగిన మనిషి, ఉదయమే పనికి సిద్ధమయ్యేవాడు. హార్ట్ మధ్యాహ్నం దాకా లేచేవాడు కాదు, ఒక్కొక్కసారి రోజుల తరబడి కనిపించేవాడు కాదు. వయసులో ఏడేళ్ళు చిన్నవాడైన రోజర్స్ అతని కోసం వెతకడం, పని చేయించడం తన బాధ్యతగా తీసుకోవలసి వచ్చింది.

హార్ట్‌కు పూర్వం అమెరికన్ రంగస్థల గీతాలలో ప్రాసలు సాధారణంగా పంక్తి చివర మాత్రమే వచ్చేవి, అవి కూడా అరిగిపోయినవి. హార్ట్ పంక్తి మధ్యలో ప్రాసలు వేశాడు. రెండు మూడు మాటలను కలిపి ఒక్క మాటతో ప్రాస కుదిర్చాడు. వీధిలో మాట్లాడే భాషను పాటలోకి తెచ్చాడు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. అతని ప్రేమ గీతాలలో ప్రేమ ఎప్పుడూ నిండుగా ఉండదు. సంతోషంగా పాడుతున్న పాత్ర మనసులో ఎక్కడో ఇది నిలవదన్న అనుమానం ఉంటుంది. చమత్కారం కోసం కొన్నిచోట్ల భావాన్ని బలి చేశాడన్న విమర్శ కూడా ఉంది, అది పూర్తిగా కాదనలేనిది.

విజయాలు

1925 నుండి 1930 వరకు ఈ జంట ఒక్కొక్క ఏడాది రెండు మూడు రూపకాలకు పనిచేసింది. వీటిలో డియరెస్ట్ ఎనిమీ (1925), ది గర్ల్ ఫ్రెండ్ (1926), ఎ కనెక్టికట్ యాంకీ (1927) ముఖ్యమైనవి. తరువాత నాలుగేళ్ళపాటు ఎక్కువగా హాలీవుడ్‌లో పనిచేశారు. 1932 నాటి లవ్ మీ టునైట్ చిత్రం ఆ కాలపు మంచి ఫలితం. "బ్లూ మూన్" పాట కూడా అప్పటిదే. ఆ బాణీకి హార్ట్ మొదట రాసిన మాటలు సినిమాలలో పనికిరాక, మళ్ళీ మళ్ళీ మార్చి రాయగా చివరికి 1934లో ఈ రూపంలో నిలిచింది. ఏ రూపకంలోనూ లేని ఆ పాటే వారి పాటలన్నిటిలో ఎక్కువగా అమ్ముడుపోయిన వాటిలో ఒకటి కావడం విచిత్రం.

1935లో జంబోతో బ్రాడ్వేకు తిరిగి వచ్చాక వారి ఉత్తమ దశ మొదలైంది. ఆన్ యువర్ టోస్ (1936), బేబ్స్ ఇన్ ఆర్మ్స్ (1937), ఐ మ్యారీడ్ ఏన్ ఏంజెల్ (1938), షేక్స్‌పియర్ హాస్య నాటకం ఆధారంగా వచ్చిన ది బాయ్స్ ఫ్రమ్ సిరక్యూస్ (1938) వరుసగా విజయం సాధించాయి. చివరి దానిలో తమ్ముడు టెడ్డీ ఒక ముఖ్య పాత్ర ధరించాడు. 1938 సెప్టెంబరులో టైమ్ పత్రిక ముఖచిత్రంగా రోజర్స్, హార్ట్‌ల బొమ్మ వెలువడింది.

బేబ్స్ ఇన్ ఆర్మ్స్

ఈ రూపకం 1937 ఏప్రిల్ 14న న్యూయార్క్‌లోని షూబర్ట్ నాటకశాలలో ప్రారంభమై 289 ప్రదర్శనలు జరుపుకుంది. పాటలతో పాటు కథ, సంభాషణలు కూడా రోజర్స్, హార్ట్ రాసుకున్నారు. నృత్య దర్శకుడు జార్జ్ బాలంచిన్. ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చే వినోద కళాకారులు తమ పిల్లలను ఇంట వదిలి వెళతారు. ఆ పిల్లలను పొలం పనులకు పంపబోతుండగా, దానిని తప్పించుకోవడానికి వారంతా కలిసి తామే ఒక ప్రదర్శన తయారు చేస్తారు. కథ ఇంతే. నటీనటులలో చాలామంది నిజంగానే చిన్న వయసు వారు.

పాటల దృష్ట్యా చూస్తే ఒకే రూపకంలో ఇన్ని నిలిచిన పాటలు ఉండటం అరుదు. "వేర్ ఆర్ వెన్", "ది లేడీ ఈజ్ ఎ ట్రాంప్", "జానీ వన్ నోట్", "ఐ విష్ ఐ వర్ ఇన్ లవ్ ఎగైన్" అన్నీ ఇందులోవే. "మై ఫన్నీ వాలెంటైన్"ను బిల్లీ స్మిత్ అనే పాత్రలో మిట్జీ గ్రీన్ పాడింది. బాలనటిగా సినిమాలలో పేరు తెచ్చుకున్న ఆమెకు అప్పటికి 16 ఏళ్ళు. ఆమె ఆ పాటను ఉద్దేశించిన కథానాయకుడి పేరు వాలెంటైన్ లమార్, ముద్దుపేరు వాల్. ఆ పాత్రను రే హెదర్టన్ పోషించాడు. అంటే పాట పేరులోని వాలెంటైన్ మొదట ఒక మనిషి పేరు. ఫిబ్రవరి 14న ప్రేమికులు ఒకరినొకరు పిలుచుకొనే పేరు కూడా అదే కాబట్టి, హార్ట్ ఆ రెండు అర్థాల మధ్య పాటను నడిపించాడు.

పాట స్వరూపం

ప్రియుడు అందగాడు కాడనీ, అతని రూపం నవ్వు తెప్పిస్తుందనీ, మాటకారి కూడా కాడనీ ఒక అమ్మాయి ఒక్కొక్క లోపమే లెక్క పెడుతుంది. ఆ తరువాత, తన కోసం అతను ఏమీ మారనక్కరలేదని వేడుకుంటుంది. ఎగతాళిగా మొదలైన పాట వేడుకోలుగా మారే ఈ మలుపులోనే దాని బలమంతా ఉంది.

అసలు పాటకు ముందు ఒక ఉపోద్ఘాత భాగం ఉంది. మన పాత సినిమా పాటలలో పల్లవికి ముందు వచ్చే సాకీ వంటిది ఇది. దీనిని హార్ట్ కావాలని పాతకాలపు కావ్య భాషలో రాశాడు. ఆ ఆడంబరం తరువాత అసలు పాట అతి సామాన్యమైన మాటలతో మొదలవుతుంది. తరువాతి గాయకులలో ఎక్కువమంది ఈ సాకీని వదిలివేశారు. దానివల్ల పాట హాస్యం కోల్పోయి, విషాదం వైపు మొగ్గింది. సాకీతో సహా విన్నవారికి ఇది కొంటె పాటగా తోస్తుంది, సాకీ లేకుండా విన్నవారికి నిట్టూర్పుగా తోస్తుంది.

సంగీతపరంగా పాట 36 మాత్రా ఖండాల నిడివి కలది. సాధారణంగా ఆ కాలపు పాటలలో 32 ఉండేవి, ఇక్కడ చివర నాలుగు అదనం. సి మైనర్ శ్రుతిలో మొదలై చివరకు ఇ ఫ్లాట్ మేజర్‌లో ముగుస్తుంది. ఆరంభంలో రాగం రెండు మూడు స్వరాల మధ్యనే మెట్లెక్కి దిగుతూ ఉంటే, అడుగున మంద్ర స్వరం షడ్జమం నుండి అర స్వరం చొప్పున కిందికి జారుతూ ఉంటుంది. పై గీత కదలకుండా, కింది నేల కదలడం అనే ఈ ఏర్పాటే జాజ్ వాద్యకారులకు మనోధర్మానికి కావలసినంత చోటు ఇచ్చింది.

ఈ పాటను హార్ట్ ఆత్మకథగా చూడటం చాలాకాలంగా ఉన్న అలవాటు. రూపం బాగా లేని మనిషిని ఉన్నవాడిని ఉన్నట్లు ప్రేమించమనడం, రచయిత జీవితానికి దగ్గరగా ఉన్న మాట నిజమే. కాని ఇది ఒక కథలోని ఒక పాత్ర కోసం, సిద్ధమైన బాణీకి రాసిన పాట అన్న సంగతి మరచిపోరాదు. హార్ట్ తన గురించి ఎక్కడా ఏమీ చెప్పుకోలేదు.

1939లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ ఈ రూపకాన్ని మిక్కీ రూనీ, జూడీ గార్లండ్‌లతో సినిమాగా తీసినప్పుడు అసలు పాటలలో చాలావాటిని తొలగించింది. తొలగిన వాటిలో "మై ఫన్నీ వాలెంటైన్" కూడా ఉంది. హార్ట్ జీవించి ఉండగా ఈ పాట స్థితి ఇది.

చివరి సంవత్సరాలు

1940 డిసెంబరు 25న ప్రారంభమైన పాల్ జోయీ వారి సాహసోపేతమైన రచన. జాన్ ఓహారా కథల ఆధారంగా తయారైన ఈ రూపకంలో కథానాయకుడు స్వార్థపరుడైన ఒక క్లబ్బు గాయకుడు. ఆ పాత్రతో జీన్ కెల్లీ ప్రసిద్ధుడయ్యాడు. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు బ్రూక్స్ అట్కిన్సన్ దీని ఇతివృత్తాన్ని ఏవగించుకుంటూ రాసిన సమీక్ష హార్ట్‌ను తీవ్రంగా గాయపరచింది. 1952లో మళ్ళీ ప్రదర్శించినప్పుడు అది మొదటిసారి కంటే ఎక్కువ రోజులు ఆడింది, అట్కిన్సన్ కూడా అభిప్రాయం మార్చుకున్నాడు. అప్పటికి హార్ట్ లేడు.

అతని తాగుడు ఈ కాలంలో అదుపు తప్పింది. 1942 నాటి బై జూపిటర్ పాటలలో కొన్నిటిని హార్ట్ చికిత్స పొందుతున్న ఆసుపత్రిలోనే, అక్కడికి పియానో తెప్పించుకొని పూర్తి చేయవలసి వచ్చిందని రోజర్స్ తన ఆత్మకథలో తెలిపాడు. 427 ప్రదర్శనలతో అది వారికి పెద్ద విజయమే. కాని తరువాతి రూపకంగా థియేటర్ గిల్డ్ ప్రతిపాదించిన ఒక గ్రామీణ నాటకం హార్ట్‌కు నచ్చలేదు. విశ్రాంతి కోసం మెక్సికో వెళ్ళిపోయాడు. రోజర్స్ ఆస్కార్ హామర్‌స్టీన్‌తో కలిసి దానినే ఓక్లహోమా! పేరుతో తయారు చేశాడు. 1943 మార్చి 31న జరిగిన తొలి ప్రదర్శనకు హార్ట్ ప్రేక్షకుడుగా హాజరయ్యాడు. ఆ రూపకం 2,212 ప్రదర్శనలతో అంతకు ముందున్న రికార్డులను దాటిపోయింది.

ఆ తరువాత కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో తల్లి ఫ్రీడా మరణించింది. మిత్రునికి చేతి నిండా పని కల్పించాలని రోజర్స్ పాత రూపకం ఎ కనెక్టికట్ యాంకీని మార్పులతో మళ్ళీ ప్రదర్శించడానికి పూనుకున్నాడు. హార్ట్ కొంతకాలం నిష్ఠగా పనిచేసి కొత్త పాటలు రాశాడు. వివియన్ సెగాల్ పాడిన "టు కీప్ మై లవ్ అలైవ్" అనే హాస్య గీతం వాటిలో శ్రేష్ఠమైనది. భర్తలను ఒకరి తరువాత ఒకరిని హతమార్చిన రాణి పాట అది. పాత చమత్కారం ఏమాత్రం తగ్గలేదనడానికి అదే నిదర్శనం.

1943 నవంబరు 17న తొలి ప్రదర్శన రాత్రి హార్ట్ తాగి నాటకశాలకు వచ్చాడు. వెనుక నిలబడి గట్టిగా పాటలు అందుకోవడంతో అతనిని బయటికి తీసుకువెళ్ళవలసి వచ్చింది. తరువాత కనిపించకుండా పోయి, తీవ్ర అస్వస్థతతో దొరికాడు. న్యుమోనియాతో నవంబరు 22న ఆసుపత్రిలో మరణించాడు. వయస్సు 48. క్వీన్స్‌లోని మౌంట్ జియన్ శ్మశానవాటికలో ఖననం చేశారు.

మై ఫన్నీ వాలెంటైన్ రికార్డులు

హార్ట్ మరణించిన తరువాత సుమారు పదేళ్ళకు ఈ పాట దశ తిరిగింది. 1952లో బారిటోన్ శాక్సోఫోన్ వాద్యకారుడు జెర్రీ మల్లిగన్, పియానో లేని తన నలుగురి బృందంతో దీనిని రికార్డు చేశాడు. ట్రంపెట్ వాయించినవాడు 22 ఏళ్ళ చెట్ బేకర్. పియానో లేనందువల్ల మంద్ర స్వరాల జారుడు స్పష్టంగా వినిపిస్తుంది, దాని మీద ట్రంపెట్ దాదాపు ఏ అలంకారమూ లేకుండా పాట మాత్రమే పలుకుతుంది. ఈ బృందం వాయించిన "మై ఫన్నీ వాలెంటైన్"ను అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం 2015 సంవత్సరపు జాతీయ ధ్వని ముద్రణల జాబితాలో చేర్చింది.

1954లో బేకర్ చెట్ బేకర్ సింగ్స్ అనే రికార్డులో దీనిని స్వయంగా పాడాడు. కంపన లేని, ఆడామగా తేడా తెలియని ఆ లేత గొంతును కొందరు విమర్శకులు గానమే కాదన్నారు. శ్రోతలు మాత్రం ఈ పాటను అతని పేరుతో ముడిపెట్టారు. బేకర్ మాదకద్రవ్యాల వల్ల చితికిపోయి, 1988 మే 13న ఆమ్‌స్టర్‌డామ్‌లో హోటల్ కిటికీ నుండి పడి మరణించాడు. అంతకు రెండు వారాల ముందు, ఏప్రిల్ 28న జర్మనీలోని హానోవర్‌లో ఆర్కెస్ట్రాతో ఇచ్చిన కచేరీలోనూ ఈ పాట ఉంది. 1954 నాటి రికార్డును, దీనిని పక్కపక్కన పెట్టి వింటే ఒక మనిషి జీవితమంతా తెలుస్తుంది.

ఫ్రాంక్ సినాట్రా 1953 నవంబరులో కాపిటల్ సంస్థకు పాడిన రికార్డు 1954లో సాంగ్స్ ఫర్ యంగ్ లవర్స్‌లో మొదటి పాటగా వెలువడింది. అమ్మాయి అబ్బాయికి పాడిన పాటను మగవాడు ఆడదానికి పాడినా సరిపోతుందని ఈ రికార్డు స్థిరపరచింది. వాల్ అనే పాత్రను శ్రోతలు ఇక పూర్తిగా మరచిపోయారు. ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో రోజర్స్, హార్ట్ పాటల సంపుటిలో, సాకీని వదలకుండా పాడింది. హార్ట్ రాసిన మాటలన్నీ వినదలచిన వారికి ఈ రికార్డే తగినది. 1957లో పాల్ జోయీ సినిమాగా వచ్చినప్పుడు, ఆ రూపకానికి సంబంధం లేని ఈ పాటను తెచ్చి అందులో చేర్చారు. తెర మీద కిమ్ నోవాక్ అభినయించగా ట్రూడీ ఎర్విన్ నేపథ్యగానం చేసింది. 1939 సినిమా తన పాటను వదులుకుంటే, మరొక సినిమా దానిని అరువు తెచ్చుకున్నదన్నమాట.

ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 1956 అక్టోబరులో ప్రెస్టీజ్ సంస్థకు దీనిని మొదటిసారి రికార్డు చేశాడు. అతని బృందంలోని శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఈ పాటకు వాయించలేదు. 1964 ఫిబ్రవరి 12న న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ హాలులో, దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతీయుల ఓటు హక్కు నమోదుకు నిధుల కోసం జరిగిన కచేరీలో మళ్ళీ వాయించాడు. హెర్బీ హాంకాక్, రాన్ కార్టర్, జార్జ్ కోల్మన్, 18 ఏళ్ళ టోనీ విలియమ్స్ అతనికి సహకరించారు. సుమారు పావుగంట సాగే ఈ వాదనంలో లయ నెమ్మదించడం, రెట్టింపు కావడం, బాణీ పూర్తిగా అదృశ్యమై తిరిగి కనిపించడం గమనించవచ్చు. ఒక కీర్తనను పల్లవి దగ్గర పట్టుకొని విద్వాంసుడు గంటసేపు నడిపించినట్లు ఉంటుంది. దీనికి పూర్తి విరుద్ధంగా పియానో వాద్యకారుడు బిల్ ఇవాన్స్, గిటారిస్టు జిమ్ హాల్ 1962లో అండర్‌కరెంట్ రికార్డులో ఈ పాటను అతి వేగంగా వాయించి, విషాదాన్ని పూర్తిగా తొలగించారు.

సారా వాన్ (1954), ఎల్విస్ కాస్టెలో (1979), నికో (1985), లిండా రాన్‌స్టాట్ (1986), చాకా ఖాన్ (1995) మొదలైనవారు పాడినవి కూడా ప్రసిద్ధమే. ది టాలెంటెడ్ మిస్టర్ రిప్లీ (1999) చిత్రంలో నటుడు మాట్ డేమన్ చెట్ బేకర్ ధోరణిలో పాడాడు. పాడేది ఇతరుల ముఖాన్ని తొడుక్కొనే పాత్ర కావడం వల్ల అక్కడ పాటకు కొత్త అర్థం వచ్చింది.

చలన చిత్రాలలో హార్ట్

1948లో మెట్రో గోల్డ్విన్ మేయర్ సంస్థ నిర్మించిన వర్డ్స్ అండ్ మ్యూజిక్ రోజర్స్, హార్ట్‌ల జీవితకథగా ప్రచారం పొందింది. బేబ్స్ ఇన్ ఆర్మ్స్ సినిమాలో కథానాయకుడైన మిక్కీ రూనీయే ఇందులో హార్ట్‌గా నటించాడు. పాటలు, నృత్యాలు బాగున్నా, హార్ట్ దుఃఖానికి ఒక స్త్రీ నిరాకరణే కారణమని చూపిన ఈ కథలో వాస్తవం తక్కువ. తమ్ముడి భార్య డొరొతీ హార్ట్ 1976లో ప్రచురించిన జ్ఞాపకాల గ్రంథం అతని గురించి మెరుగైన సమాచారం ఇస్తుంది. 2025లో దర్శకుడు రిచర్డ్ లింక్‌లేటర్ తీసిన బ్లూ మూన్ చిత్రం, ఓక్లహోమా! తొలి ప్రదర్శన జరిగిన ఆ ఒక్క రాత్రి హార్ట్ ఎలా గడిపాడన్న కల్పనతో నడుస్తుంది. హార్ట్‌గా ఈథన్ హాక్, రోజర్స్‌గా ఆండ్రూ స్కాట్ నటించారు. ఈ పాత్రకు స్కాట్ బెర్లిన్ చలన చిత్రోత్సవంలో ఉత్తమ సహాయ నటునిగా రజత భల్లూక పురస్కారం అందుకున్నాడు.